వాషింగ్టన్ నిలబడ్డ పడవ

ఇరవై నాలుగేళ్లకే అలిసిపోవడమేంటని మా పిల్లలు ఇప్పుడు నవ్వుతారు గానీ, తొంభైల్లో ఆ రెండేళ్లూ అలిసిపోయినంతగా నేను తర్వాతెప్పుడూ అలిసిపోలేదు. పొద్దున్నే నిడదవోలులో పాసింజరెక్కి, నరసాపురంలో దిగి, ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఐదు పీరియడ్లు నిలబడి చెప్పి, సాయంత్రం మళ్లీ అదే పాసింజర్లో కూలబడేదాన్ని. నేను చదివింది ఆంధ్రుల చరిత్ర. శాతవాహనుల గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ప్రిన్సిపాల్ గారేమో "చరిత్ర ఏదైనా చరిత్రే కదమ్మా" అని అమెరికా పేపరు నా నెత్తిన పెట్టారు. నేను కొలంబస్ దగ్గరే మూడు వారాలు గడిపాను (ఆ తర్వాత ఏం జరిగిందో నేనింకా చదవలేదు మరి). పిల్లలు నాకు 'కొలంబస్ మేడం' అని పేరు పెట్టేశారు.

పరీక్షలు నెలన్నర ఉన్నాయనగా 'అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో ముఖ్యమైన మలుపులు' అనే వ్యాసప్రశ్న డిక్టేట్ చేస్తున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడ్. నాకూ నిద్రే, పిల్లలకీ నిద్రే. బోస్టన్ రేవులో టీ పెట్టెలు సముద్రంలో పారబోశారు, రాసుకోండి. ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్య ప్రకటన చేశారు, రాసుకోండి. ఆ ఏడాది చివర్లో, వరుసగా ఓడిపోయి, బూట్లు కూడా లేని సైన్యాన్ని వెంటేసుకుని, వాషింగ్టన్ మంచుగడ్డలు తేలుతున్న డెలావేర్ నది దాటి శత్రువుల మీద పడ్డాడు, ఇది ముఖ్యం, కింద గీత గీసుకోండి. గైడులో దానికి మసకమసకగా ఓ బొమ్మ కూడా ఉంటే, పైకెత్తి చూపించాను. పడవ ముందుభాగంలో ఒక కాలు పైకెత్తి పెట్టి, ఛాతీ విరుచుకుని నిలబడ్డ వాషింగ్టన్.

రెండో బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. మొగల్తూరు అవతల ఏటి ఒడ్డున ఉండే చేపల వేటవాళ్ల పిల్ల. ఎప్పుడూ నోరు విప్పేది కాదు. "మేడం, ఆయనలా నిలబడితే పడవ తిరగబడిపోద్దండి" అంది. క్లాసంతా మేలుకుంది. నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. "పడవ గురించి పరీక్షలో అడగరు. నీకంటే వాషింగ్టన్‌కి బాగా తెలుసులే, కూర్చో" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. ఆ పిల్ల తలొంచుకుని కూర్చుంది. మర్నాటి నుంచి కాలేజీకి రాలేదు.

వారం చూశాను, పది రోజులు చూశాను. అటెండెన్సు పిలుస్తూ ఆమె నెంబరు దగ్గరకి రాగానే రెండోసారి కూడా పిలిచి చూసేదాన్ని. హాజరు చాలకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. ఆ ఊరి నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లట. నా నోటి దురుసుతో ఒక చదువు ఆగిపోయిందని నాకు నేనే తీర్పు చెప్పుకుని, శనివారం మధ్యాహ్నం గంజి పెట్టిన నేత చీర కట్టుకుని బస్సెక్కాను.

ఏటి దగ్గర నన్ను దాటించడానికి పడవేసుకొచ్చినాయన ఆ పిల్ల తండ్రే అయ్యాడు. కాలేజీ నుంచి వస్తున్నానని చెబితే తెడ్డు ఆపి నన్ను పరీక్షగా చూశాడు.

"ఆ నిలబడే దొరగారి మేడం మీరేనాండీ?"

"పెద్ద పడవైతే నిలబడొచ్చేమోనండి" అన్నాను. క్షమాపణ చెప్పడానికి వచ్చినదాన్ని అలా ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు.

"ఏమోనండి. మీరు చదువుకున్నోరు" అన్నాడాయన మర్యాదగా. ఆ మర్యాదే నన్ను పొడిచింది. ఒడ్డు ఇంకా పది గజాలుందనగా లేచి నిలబడ్డాను. అంతటితో ఆగినా బాగుండేది. బొమ్మలోలాగా ఒక కాలు ముందు చెక్క మీద పెట్టాను.

తర్వాత నాకు గుర్తున్నది నోటి నిండా ఉప్పు నీళ్లు, చెప్పుల్లేని కాళ్ల కింద మెత్తటి బురద. పడవలో కూర్చునే ఉన్న ఆయన నవ్వలేదు. "లోతు లేదండి, నిలబడండి" అన్నాడు. నిలబడితే నడుం దాకా ఉంది ఏరు.

తీరా వాళ్లింటికెళితే తెలిసిందేంటంటే, ఆ పిల్ల నా మాటకి అలగనే లేదు. తల్లికి టైఫాయిడ్ వచ్చి మంచాన పడితే ఇంటిపని, రేవులో చేపలమ్మే పని మీద వేసుకుంది. (పది రోజులుగా నేను మోసుకు తిరిగిన పాపం నాది కాదని తెలిసి, ఊరటతో పాటు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.) ఆ పిల్లే నాకు తన తల్లి చీరొకటిచ్చి, వేడి టీ ఇచ్చి, నా చీర దండెం మీద ఆరేసింది. తండ్రి మాత్రం చదువు మాటెత్తితే, "ఇంక చాల్లెండి మేడం గారూ. మా పనికి అక్కర్లేని చదువు" అన్నాడు. నా పనికే అది అక్కర్లేదని రోజూ రైల్లో అనుకునేదాన్ని.

అప్పుడా పిల్ల మెల్లగా అడిగింది. "మేడం, ఆ పడవలు ఎవరు నడిపారండి?"

సైనికులని చెప్పబోయి, సంచిలోంచి గైడు తీశాను. సంచి పడవలోనే ఉండిపోవడంతో అది తడవలేదు. కింద చిన్న అక్షరాల్లో, పరీక్షకి రాదని నేను డిక్టేట్ చేయకుండా వదిలేసిన వాక్యం ఒకటుంది. చదివాను. ఆ నది దాటించింది మార్బుల్‌హెడ్ అనే సముద్రపు ఊరి నుంచి వచ్చిన జాలర్ల దళం. గాలివానలో, చీకట్లో, ఫిరంగులతో గుర్రాలతో సహా, ఒక్కర్ని కూడా పోగొట్టకుండా దాటించారు.

"గుర్రాల్ని కూడానా" అన్నాడాయన. గాలి ఎటు నుంచి, ఏరెంత వెడల్పు అని అడిగాడు. నాకు తెలీదన్నాను. ఆ ఏడాది మొత్తంలో నేను నిజాయితీగా చెప్పిన పాఠం అదొక్కటే. "అయితే దేశం కుదురుకుంది మావోళ్ల తెడ్డు మీదన్నమాట" అని, కూతురి వైపు తిరిగి, "పరీక్షలెప్పుడే?" అన్నాడు.

సోమవారం నుంచి ఆ పిల్ల వచ్చింది. హాజరు సంగతి ప్రిన్సిపాల్ గారి కాళ్లా వేళ్లా పడి నేను సరిచేయించాను. పాసయింది, ఫస్టు క్లాసేం కాదు.

ఆ శనివారం సాయంత్రం నా చీర ఆరకపోవడంతో, ఆ తల్లి పూల చీరతోనే పాసింజరెక్కాను. జుట్టు చిక్కులు పడి, ఒళ్లంతా నీచు వాసన. పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, జాలిగా, "ఇయ్యాల బేరం ఎలా ఉందమ్మా?" అంది. నేను చేపలమ్మే మనిషిని కాదని, లెక్చరర్నని చెప్పొచ్చు. ఓపిక లేదు. "బాగానే అయిందండి" అన్నాను. ఆవిడ కొంచెం జరిగి చోటిచ్చింది. ఆవిడ భుజం మీద తల వాల్చి నిద్రపోయిన ఆ ఇరవై నాలుగేళ్ల నన్ను తలుచుకుంటే ఇప్పుడు ముచ్చటేస్తుంది, లేపబుద్ధి కాదు.