బాబొచ్చినాడో అన్న కేక

ఆ క్రిస్మస్ ఆల్బమ్‌లో అందరి నోటా పడిన పాటకు పల్లవి మాట ఇచ్చింది నేను. అది ఎలాంటి మాటో ఆ పాట ఊళ్ళన్నీ తిరిగాక గానీ నాకు తెలియలేదు.

ఆ పాటలు రాసి, బాణీ కట్టి, పాడిన అమ్మాయిది ఒకప్పుడు మా భూములున్న ఊరు. ఆమదాలవలస దాటి కొంత దూరం పోతే వస్తుంది. ఇప్పుడక్కడ మాకు సెంటు నేల లేదు. తాతగారు మొదలుపెట్టిన అమ్మకాలు నాన్నగారితో పూర్తయ్యాయి. నాకు మిగిలింది ఇంటిపేరు, వయొలిన్. విజయనగరంలో నేర్చుకున్న సంగీతాన్ని శ్రీకాకుళంలో ఒక అద్దె మేడగదిలో పిల్లలకు చెబుతూ బతుకుతున్నాను. ఎవరి ముందూ నడుం వంచలేదు. ఈ ముక్క గర్వంగానే రాస్తున్నాను.

వానాకాలంలో ఆ అమ్మాయి మా గదికి వచ్చింది. నేను చెప్పకముందే ఎదురుగా కుర్చీలో కూర్చుంది. నన్ను "మాస్టారూ" అంది. వాళ్ళ పెద్దవాళ్ళు మమ్మల్ని "బాబు" అనేవారు. ఆ తేడా నా చెవికి తగిలింది. కానీ ఆమె గొంతు విప్పాక తక్కినవన్నీ మరిచిపోయాను. అంత నిబ్బరమైన గొంతు నా శిష్యుల్లో ఎవరికీ లేదు.

పాటలన్నీ మన వైపు మాటల్లోనే రాసుకుంది. ఆమె పాటలో బెత్లెహేము పాక మా రైతుల పశువులసాలలాగే ఉంది. గొల్లలు వంశధార ఒడ్డున మందను తోలుకొస్తున్నట్టే ఉన్నారు. ఒక్క పాటకు మాత్రం పల్లవి కుదరలేదు.

"ఊర్లోకి ఎవులైనా వస్తే కేకేసి సెప్తారు కదా మాస్టారూ, అలాటి మాటొకటి కావాల. పుస్తకం మాట వద్దు" అంది.

నాకు తడుముకోవలసిన అవసరం రాలేదు. చిన్నప్పుడు కోతల రోజుల్లో నాన్నగారి పక్కన గూడుబండిలో కూర్చుని ఆ ఊరికి వెళ్ళేవాణ్ణి. బండి గట్టెక్కగానే ఎవరో ఒకరు "బాబొచ్చినాడో" అని కేక పెట్టేవారు. ఆ కేక ఇంటి నుంచి ఇంటికి పాకిపోయేది. మేం వీధిలోకి వచ్చేసరికి అందరూ గుమ్మాల ముందు నిలబడి ఉండేవారు. 'బా' మీద గొంతు పైకి లేచి, 'డో' దగ్గర సాగి సాగి దిగేది. అదే పాడి వినిపించాను. బాబు అంటే పసివాడు, బాబు అంటే ప్రభువు. క్రీస్తు పుట్టుకకు ఇంతకంటే సరిపోయే మాట ఇంకేం ఉంటుందన్నాను.

ఆమె కళ్ళు మూసుకుని ఆ కేకను రెండుసార్లు అనుకుంది. మూడోసారికి పల్లవి అయిపోయింది.

విజయనగరంలో ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేశారు. వయొలిన్ నేనే వాయించాను. డిసెంబరు వచ్చేసరికి ఆ ఒక్క పాట ఆటోల్లో, సెల్‌ఫోన్లలో, సెమీ క్రిస్మస్ సభల్లో మోగిపోయింది. ఎక్కడెక్కడి వాళ్ళో యూట్యూబ్‌లో పాట కింద పొగుడుతూ రాశారు. ఆమదాలవలస స్టేషన్లో మా మేనబావ కనబడి పదిమందికీ వినబడేలా పలకరించాడు.

"ఏటి బావా, కిరస్తానీ పాటలకి ఫిడేలు ఊదుతన్నావంట?"

"ఫిడేలు ఊదరు, వాయిస్తారు" అన్నాను. పైకి ముఖం మాడ్చుకున్నాను గానీ లోపల పొంగిపోయాను. మా బండిని చూసి పుట్టిన కేక ఇన్ని ఊళ్ళలో పాటై మోగుతోంది కదా అనుకున్నాను.

పండగ ఇంకా వారం ఉందనగా ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు బాగా లేదు.

"మా సర్చిలో ఆ పాట పాడొద్దన్నారు మాస్టారూ. పెద్దోలందరూ ఒకటే మాట. ఊరూవాడా పాడతన్నారు గానీ మా మామ్మ కూకునే సర్చిలో పాడకపోతే నాకెందుకండీ ఈ పాట? మీరొకసారి వచ్చి సెప్పండి. మాట మీదే కదా."

పల్లెమాటలతో దేవుణ్ణి పాడటం పెద్దలకు నచ్చలేదేమో అనుకున్నాను. దానికి జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ సాయంత్రమే వెళ్ళాను.

చర్చి ముందు కుర్రాళ్ళు పెద్ద కాగితపు నక్షత్రాన్ని కర్రకు కడుతున్నారు. లోపల సంఘ పెద్ద ఉన్నాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఆయన పక్కన చాప మీద అమ్మాయి మామ్మ, ఇంకొందరు ముసలివాళ్ళు కూర్చున్నారు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

"బాబు అన్నది మర్యాద తక్కువ మాట కాదు. మా కుటుంబాన్ని మీరంతా గౌరవంగా పిలిచిన మాట. అంతకంటే పెద్ద మాట నాకు తెలియదు" అని మొదలుపెట్టాను.

మామ్మ నవ్వింది.

"గౌరవమేటి బాబూ! ఆ కేక ఎందుకేసీవోలమో తెలుసా నీకు?"

"వస్తున్నామని చెప్పడానికి."

"వస్తన్నారనే. బేగి కోళ్ళని దాసీయండర్రా అని. సెప్పులిప్పీయండి, గొడుగు దించీయండి అని. ఆడగుంటల్ని లోపలెట్టీయండి అని." ఆ చివరి మాటను తక్కిన వాటితో సమానంగానే అంది. "మా అప్పని, నాకంటే పెద్దదాన్ని, గాదె ఎనకాల దాసీవోలు. మీ బండి గట్టు దాటి ఎల్లిపోయినదాకా దానికి ఊపిరాడేది కాదు."

"ఎవరి కాలంలో? మా తాతగారి..."

"మీ తాత కాలంలోనూ, మీ నాన్న కాలంలోనూ. నువ్వు తెల్లనిక్కరేసుకుని బండిలో కూకునీవోడివి. నిన్ను సూసి మాకేటి బయం? బండిని సూసే."

అబద్ధం అందామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఒకటి గుర్తొచ్చింది. అన్నేళ్ళు వెళ్ళినా ఆ ఊరి వీధిలో నేను ఒక్క కోడిని చూడలేదు. వీళ్ళు కోళ్ళు ఎందుకు పెంచరని ఒకసారి నాన్నగారిని అడిగాను. "బద్ధకం" అన్నారు. అది నిజమని ఇన్నేళ్ళూ నమ్మాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆ కేకను నా నోటితో నేనే పాడి, దానికి వయొలిన్ వాయించి, జిల్లా అంతటికీ వినిపించాను.

అమ్మాయి మామ్మ వైపు తిరిగింది. "నాకెవులూ సెప్పనేదేటి!" అంది.

"సెప్తే పాట కట్టీస్తావని మాకేటి తెలుసే గుంటా" అంది మామ్మ.

"యేసయ్య వస్తే కోళ్ళు దాసుకుంటామేటమ్మా?" అన్నాడు సంఘ పెద్ద. చాప మీద వాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు.

"అయితే పాట తీసీమంతారా?" అమ్మాయికి కళ్ళనీళ్ళొచ్చాయి.

"పాట ఏల తీసీడం? బాగానే ఉన్నాది. ఆ మాట తీసీ. గుంటడొచ్చినాడు అను" అంది మామ్మ.

గుంటడు! మా వైపు పిల్లవాణ్ణి అలా అంటారు, నిజమే. కానీ మా ఇంట్లో పశువులు కాసే పిల్లలను తప్ప ఎవరినీ ఆ మాటతో పిలవలేదు. ఉండబట్టలేక అనేశాను. "దేవుణ్ణి గుంటడంటారా అమ్మా?"

"పశువులసాల్లో పుట్టినోడ్ని మరేటంతారు?"

అమ్మాయి పాడి చూసింది. కుదరలేదు. పాట ఎత్తుగడంతా 'బా' అన్న దీర్ఘం మీద నిలబడి ఉంది. 'గుంటడు'లో దీర్ఘమే లేదు. మళ్ళీ పాడింది, తాళం తప్పింది. నా వైపు చూసింది. ముసలివాళ్ళూ చూశారు.

లేచి వెళ్ళిపోవచ్చు. ఆటో బయటే ఉంది. కానీ సంగీతం తప్పుగా వింటూ కూర్చోలేను, ఆ పిల్ల ఏడుస్తుంటే తలుపు దాటి పోలేను. 'గుంట' అన్నది తాళం దెబ్బకు ముందే ఎత్తుకోవాలి, దెబ్బ 'డొ' మీద పడాలి, సాగదీత 'నా' దగ్గరికి జరపాలి. స్వరాలు పాడి చూపించాను.

"మాటలతో పాడండి మాస్టారూ, మాకు అందట్నేదు" అన్నారు నక్షత్రం కట్టడం ఆపి వచ్చిన కుర్రాళ్ళు.

పాడాను. నా నోట 'గుంటడు' ఎలా వచ్చిందో గానీ అందరూ పగలబడి నవ్వారు. "అలగ కాదు బాబూ, పిల్సినట్టు అను" అంది మామ్మ. పిలిచినట్టు అన్నాను. మూడోసారికి వాళ్ళు నాతో అందుకున్నారు.

ఆ అమ్మాయి పాత పాటను ఆల్బమ్‌లోంచి తీసేసి, కొత్తగా పాడి పెట్టింది. పొగిడినవాళ్ళే ఈసారి తిట్టారు. దేవుణ్ణి గుంటడంటావా, ఎంత పొగరు అని రాశారు. విజయనగరంలో పెద్ద సభకు పిలిచినవాళ్ళు రావద్దన్నారు. పాత పాటను దించుకున్న ఫోన్లలో ఇంకా బాబే వస్తున్నాడు. నేను భయపడి ఫోన్ చేస్తే ఆమె తేలిగ్గా అంది, "మామ్మ ఇంట్లో పాడుకుంతన్నాది మాస్టారూ."

పండగ ఉదయం ఆరాధనలో ఆ పాట పాడారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. మామ్మ శ్రుతి తప్పి అందరికంటే గట్టిగా పాడింది. సరిదిద్దాలనిపించలేదు.

అందరూ బయటికి వచ్చాక ఆవిడ దగ్గరికి వెళ్ళాను. వారం రోజులుగా నిద్ర పట్టనివ్వని ప్రశ్న అది.

"మీ అప్ప ఉందా?"

"ఉన్నాది. కళింగపట్నంలో కొడుకింట్లో. ఎల్తావేటి?"

"నన్ను చూడటానికి ఒప్పుకుంటుందా?"

మామ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నాకు తెల్దు. అడిగి సెప్తాను" అంది. మనవరాలి ఫోన్‌లో ఉన్న నా నంబరును తన కోసం కాగితం మీద రాయించుకుంది.