రేవులో ఒక్క 'చాలు'

కోంటలో బట్టల కొట్టు శ్రీరంగానికి పడవ ఎందుకయ్యా అంటే, మేక వల్ల.

శబరి నదికి అవతలి ఒడ్డున, ఒడిశా వైపు మోటులో ఆయన భార్య జ్ఞానప్రసూన చెల్లెలి కాపురం. వంతెన మాట అప్పటికింకా మాటగానే ఉంది. అటూ ఇటూ దాటించే మనిషి మాడ. అరవైకి దగ్గరపడ్డ దొర్ల తెగవాడు, ఒంట్లో ఎముకలూ నరాలూ తప్ప వేరే సరుకు లేదు. గడ వేసి పడవను రేవుకి తెస్తే మాడ భార్య, పేరు మాసే, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తాడు అందుకునేది. ఆ పడవలో సైకిళ్ళు, ఎండుచేపల బుట్టలు, కోళ్ళు, సంతకు పోయే మేకలు, వాటి మధ్యన మనుషులు. ఒకనాడు ఓ మేక తీరిగ్గా జ్ఞానప్రసూన పట్టుచీర కొంగు నమిలేసింది. పడవంతా నవ్వింది. ఆ చీర అంచు ఆవిడ చూసుకుని ఊరుకుంది గానీ, ఆ నవ్వు మాత్రం శ్రీరంగం గుండెల్లో ముల్లులా దిగింది.

"మనకంటూ ఒక పడవ ఉండాలే" అన్నాడు ఆ రాత్రే.

"ఈత రాదు మీకు" అంది ఆవిడ.

"పడవకు వస్తుందిగా!"

రాజమండ్రి వైపు నుంచి పాత ఫైబరు పడవ ఒకటి, దాని వెనక బిగించే ఇంజనుతో సహా లారీ మీద దిగింది. ఊరు ఊరంతా రేవుకు వచ్చింది. లైఫ్ జాకెట్లు నాలుగు ఉచితంగా వచ్చాయి. మాసిపోతాయని శ్రీరంగం వాటి ప్లాస్టిక్ సంచులు విప్పనివ్వలేదు. మెత్తగా ఉన్నాయని కూర్చోవడానికి వేసుకున్నారు.

మొదటి రోజు తాడు విప్పకుండానే ఇంజను వేశాడు. పడవ ముందుకు దూకింది. రేవులో ఏనాటి నుంచో పాతి ఉన్న కట్టుగుంజ బురదతో సహా ఊడివచ్చి పడవ వెంట ఈదుకుంటూ పోయింది.

"సావుకారీ! గుంజను గూడ సుట్టాలింటికి తోల్కపోతున్నవా ఏంది?" అని ఒడ్డు మీది నుంచి మాడ అరిచాడు.

రెండో రోజు వాలు వెంట సరసరా వచ్చి, ఆగలేక రేవు దాటిపోయి, కిందెక్కడో బట్టలు ఉతికేవాళ్ళ మధ్యకు దూరాడు. "నీళ్ళకు ఎదురుగ మూతి వెట్టి రావాలె. వాలుల వడి వస్తే ఏ పడవాగదు" అని మాడ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. శ్రీరంగం విన్నట్టు తలూపాడు. మూడో రోజు ఒక కాలు పడవలో, ఒక కాలు రాతి మీద పెట్టి ఆలోచిస్తూ నిలబడ్డాడు. పడవ ఆలోచించలేదు. మోకాళ్ళ దాకా చిరిగిన పైజామాతో ఇంటికి నడిచాడు. ఆ వారం నుంచి ఆయన పేరు 'కెప్టెన్ సావుకారు'.

ఇక లాభం లేదని ఇంజను దగ్గర బుధ్రాను కూర్చోబెట్టాడు. బుధ్రా ఆయన సరుకుల వ్యానుకు డ్రైవరు, జగదల్‌పూర్ దగ్గరి హల్బీ భాష మాట్లాడేవాడు, పాతికేళ్ళవాడు. తెలుగు ముక్క రాదని కాదు గానీ, వచ్చినా అది అన్నం కాడికే. ఇంజను మాటలన్నీ శ్రీరంగం వాడితో హిందీలోనే మాట్లాడేవాడు. శ్రీరంగం పడవ ముందు భాగాన తాడు పట్టుకుని నిలబడి ఆజ్ఞలు వేస్తాడు, బుధ్రా వెనక నడుపుతాడు. పది రోజులు గడిచాయి, నవ్వులు తగ్గాయి. శ్రీరంగం ఛాతీ మళ్ళీ ముందుకొచ్చింది.

దసరా వెళ్ళిన రెండో వారం. పైన వానలు పడి శబరి ఇంకా ఎర్రగా, గట్టిగా పారుతోంది. భార్యాభర్తలు మోటు నుంచి తిరిగి వస్తున్నారు. రేవులో కట్టడానికి గుంజ లేదు, పెరికింది తెచ్చి పాతాలన్న సంగతి ఆయనకు గుర్తుకే రాలేదు. మాసే తన మామూలు చోటే నీళ్ళలో నిలబడి ఉంది. శ్రీరంగం తాడు విసిరాడు.

"మాసే, చేతికి చుట్టుకో! జారిపోతది!"

సావుకారు చెప్పాడని చుట్టుకుంది. అంతకుముందు ఎన్నడూ మాడ తాడును అలా చుట్టుకున్న మనిషి కాదు. బుధ్రా రివర్సు వేసి పడవ వేగం తగ్గించి ఇంజను ఆపేశాడు, కానీ రివర్సు తీయలేదు. మాసే బలంగా లాగింది. పడవ మూతి రాళ్ళ మీదికి వస్తుంటే శ్రీరంగం గాభరాపడ్డాడు. ఇక లాగొద్దని ఆవిడకు చెయ్యి ఊపుతూ గొంతు చించుకున్నాడు.

"చాలు! చాలు!"

వెనకనున్న బుధ్రాకు వినపడింది ఆ మాటే. హిందీలో, హల్బీలో చాలూ అంటే ఇంజను వెయ్యమని. రోజూ వ్యానెక్కగానే సేఠ్‌జీ, అంటే శ్రీరంగం, చెప్పే మాట అదే. స్టార్టరు తాడు లాగి ఇంజను వేశాడు. పాత ఇంజను కదా, గేరులో ఉన్నా అంటుకుంది. పడవ వెనక్కి ఒక్క ఉరుకు ఉరికింది.

మాసే బోర్లా పడింది. తాడు ఆవిడను రాళ్ళ మీదుగా నీళ్ళలోకి ఈడ్చుకుపోయింది. మాడ దూకి కత్తితో తాడు కోశాడు. బుధ్రా ఇంజను ఆపేశాడు. అంతా కలిపి పది అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోయింది. ఆవిడ కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం మనిషి వేళ్ళు ఉండాల్సిన తీరులో లేవు.

భద్రాచలం ఆసుపత్రికి వ్యాను నడిపింది బుధ్రానే. దారి పొడుగునా "మేరీ గల్తీ, మేరీ గల్తీ" అని గొణుగుతూనే ఉన్నాడు. తప్పు నాదే, తప్పు నాదే అని. తను విన్నది సరో కాదో కూడా వాడికి తెలియలేదు. తన చెయ్యి ఇంజను వేసింది, అంతే తెలుసు.

పక్క సీట్లో శ్రీరంగం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రానికల్లా ఊరికి కథ తయారయింది: డ్రైవరు పిచ్చోడు, ఆగిన ఇంజను మళ్ళా వేసిండు. కొట్టుకు వచ్చినవాళ్ళందరూ "అట్లాంటోణ్ణి ఎట్ల వెట్టుకున్నవ్ సావుకారీ?" అని అడిగారు. శ్రీరంగం గుడ్డ కొలుస్తూ "ఏం చేస్తాం" అన్నాడు. ఆ 'ఏం చేస్తాం' అనడం ఎంత సులువుగా ఉందో ఆయనకే భయమేసింది. చాలు అన్నది తనే అని చెబితే? ఊరు చచ్చేదాకా నవ్వుతుంది. చాలు సావుకారు! పిల్లలు వెంటపడతారు. రెండు రోజులు అలా గడిచాయి. వ్యాను వెనక గోనెసంచి పరుచుకుని పడుకున్న బుధ్రా అన్నం ముట్టలేదు.

"ఆ రోజు పడవలో నేను మీ వెనకే కూర్చున్నానండీ" అంది జ్ఞానప్రసూన రెండో రోజు, కంచం తీస్తూ.

"ఊఁ."

"మీరేమన్నారో నాకూ వినపడింది."

"మాసేతో అన్నాను!"

"నాకు కాదు చెప్పాల్సింది" అని ఆవిడ కంచం తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున తమ ఇంట్లో ఆవిడ పొయ్యి వెలిగించలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది.

మూడో రోజు మాడ వాకిట్లో మనుషులు కూర్చున్నారు. మాడకు అన్న వరసైన కాశయ్య పంచాయితీకి పెద్దమనిషి. మాసే గడప మీద, చెయ్యి తెల్లని కట్టులో. బుధ్రా దూరంగా నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఈ డ్రైవరు ఇక కోంటల ఉండొద్దు" అన్నాడు కాశయ్య. "రేపటి బస్సుకు పోవాలె. మళ్ళ ఈ రేవుల కనవడితే కాళ్ళుండయ్."

బుధ్రా తలూపాడు. ఒప్పుకున్నాడు. అంతలా ఒప్పుకోవడమే శ్రీరంగం భరించలేకపోయాడు.

"ఆగు కాశయ్యా" అన్నాడు. "మాసే గట్టిగా లాగుతుంటే చాలు, చాలు అని నేనరిచాను. వీడు హిందీ చాలూ అనుకున్నాడు. నేను చెప్పిందే చేశాడు. తాడు చేతికి చుట్టుకొమ్మన్నదీ నేనే."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కాశయ్యకు అర్థమైంది.

"ఏందేందీ? చాలంటే చాలూనా?" అని తొడ చరిచి నవ్వాడు. వాకిలంతా నవ్వింది. ఇన్నాళ్ళూ దేనికి జడిశాడో అదే నవ్వు. అది మీద పడ్డాక తెలిసింది, దానివల్ల చర్మం కూడా ఊడదని.

మాడ నవ్వలేదు. "మూడు దినాలు ఏడ వెట్టినవ్ ఆ మాట?" అని అడిగాడు.

బుధ్రా మెల్లగా దగ్గరికి వచ్చాడు. "తో మైనే సహీ సునా థా, సేఠ్‌జీ?" సరిగానే విన్నానా నేను అని. శ్రీరంగం అవునన్నాడు. వాడు కోప్పడతాడేమో అని చూశాడు. వాడు నేల మీద చతికిలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. పొజ్జే అనే పక్కింటి పిల్ల లోపలి నుంచి ఆకు దొన్నెలో అంబలి తెచ్చి వాడి ముందు పెట్టింది. తాగాడు.

అప్పుడు మాసే నోరు విప్పింది.

"డ్రైవరును పోనియ్యకుండ్రి. ఆయన సంగతి అయిపాయె. నా చేతి కట్టు ఇప్పేదాక రేవుల తాడు ఎవలు వడ్తరు? ముసలాయన ఒక్కడే గడ వేసుడా, దిగి వట్టుకునుడా? సావుకారు వట్టాలె."

ఎవరూ మళ్ళీ నవ్వలేదు.

మర్నాటి నుంచి శ్రీరంగం లుంగీ ఎగదోపుకుని నీళ్ళలో నిలబడ్డాడు. మాడ పడవ బరువు తాడు మీదుగా మొదటిసారి భుజాల్లోకి దిగినప్పుడు ఊపిరాగినంత పనైంది. మాసే ఎన్నేళ్ళుగా ఇది మోస్తోందో అడగబోయి మానేశాడు. అరచేతులు బొబ్బలెక్కి, కొట్టులో గుడ్డ చింపలేకపోయాడు. ఆయన పడవ ఒడ్డున బోర్లించి ఉంది. బుధ్రా వ్యాను నడుపుతున్నాడు గానీ ఆ పడవ దిక్కు చూడడు.

నెలన్నరకు కట్టు విప్పారు. ఒక వేలు వంగింది. చూపుడు వేలు వంగలేదు, ఇక వంగదన్నారు డాక్టరు. మాసే వేలికేసి కాసేపు చూసి, చెయ్యి కొంగులో దాచుకుంది.

ఒప్పందం ప్రకారం శ్రీరంగం పని అయిపోయింది. అయినా మరుసటి పొద్దున ఆయన రేవుకు వెళ్ళి అదే చోట దిగాడు. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. పడవ దగ్గరికి వచ్చాక మాడ ఆయన వంక ఒకసారి చూసి, తాడు విసిరాడు.