రాసినాయన ఇంకా ఉన్నాడు

మొదటి బస్సు కదలకముందే నన్ను లేపే దేవునికి స్తోత్రం. రాళ్ళ చేత కూడా పాడించుకోగలవాడై ఉండి, నాలాంటి బొంగురు గొంతు మనిషి నోట పాట పెట్టినందుకు ఆయనకు స్తోత్రం. పాట ఇచ్చిన రోజులకే కాదు, ఇవ్వకుండా ఆపి, నన్ను ఒకచోట కుదురుగా కూర్చోనివ్వకుండా తిప్పిన నెలలకు కూడా స్తోత్రం. ఈ మాట ముందు చెప్పకుండా మిగతాది చెప్పడం నాకు చేతకాదు.

నేను బస్సు కండక్టర్ను. ఖమ్మం నుంచి భద్రాచలం, భద్రాచలం నుంచి ఖమ్మం. ఆదివారం డ్యూటీ లేకపోతే మా సంఘంలో పాట ఎత్తేవాణ్ణి. పాటలు కట్టేవాణ్ణి కూడా. కూర్చొని కట్టిన పాట మాత్రం ఒక్కటీ లేదు. కొత్తగూడెం దాటాక టికెట్ల పని తగ్గుతుంది. రోడ్డుకు రెండు వైపులా చెట్లు మొదలవుతాయి, బస్సు ఒకే తీరుగా పోతుంది. అప్పుడు వెనక తలుపు దగ్గర నిలబడి, వేళ్ళతో ఇనుప కడ్డీ మీద దరువు వేసుకునేవాణ్ణి. పల్లవి వచ్చేది. పాల్వంచలో జనం ఎక్కి దిగేవారు. మళ్ళీ బస్సు కదిలాక చరణం వచ్చేది. అట్లా వచ్చిన వాటిలో ఒకటి మా చుట్టుపక్కల సంఘాల్లో కొంత దూరం పోయింది.

ఎక్కించినది నీవే దేవా, దిగే చోటు నీకెరుకే
దారి దుమ్ముకు దడవను నేను, పక్కన నీవు కూర్చుంటే

ఆ పాట కట్టి చాలా ఏళ్ళయింది. దాని తర్వాత కట్టినవీ ఉన్నాయి. ఏటా క్రిస్మస్‌కు మా సంఘంలో కొత్త పాట నాదే ఉండేది. మొన్నటి క్రిస్మస్ దాకా.

ఆ క్రిస్మస్ పాటల ప్రాక్టీసు రోజు కీబోర్డు దగ్గర ఒక యువకుడు కూర్చున్నాడు. కోచింగ్ కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం అతనిది. నేను పల్లవి పాడి వినిపించాను. అతను కొంతసేపు మెట్ల మీద వేళ్ళు ఆడించి ఆపేశాడు.

"అంకుల్, ఏమనుకోకుండ్రి. మీ పాటలన్నీ ఒకటే నడక. పల్లవి అయిపోంగనే నాకు డబుల్ బెల్ కొట్టబుద్ధైతది."

వెనక వరసలో నుంచి ఎవరో ఆడపిల్ల "రైట్, రైట్!" అని అరిచింది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. అతని మనసు మంచిది. ఆ రోజే నన్ను తన బండి మీద ఎక్కించుకొని ఇంటి దగ్గర దించి పోయాడు కూడా.

ఆ ఏడు నా పాట తీసుకోలేదు. అదంత పెద్ద బాధ కాదు. అతను అన్నది నిజం కావడమే బాధ. మర్నాడు డ్యూటీలో కడ్డీ మీద వేళ్ళు పెట్టాను. దరువు మొదలైంది. ఇన్నేళ్ళ నా పాటలన్నీ ఆ ఒక్క దరువులో వరసగా వినబడ్డాయి. చెయ్యి కాలినట్టు తీసేశాను.

ఆ తర్వాత పాట రాలేదు. ఆడవాళ్ళకు ఫ్రీ పెట్టినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు లేదు, అందుకని రావడం లేదు అనుకున్నాను. ఇంట్లో ప్రయత్నించాను. ఫోన్‌లో రకరకాల తాళాలు పెట్టుకొని వాటి మీద మాటలు కూర్చబోయాను. ఏ తాళం పెట్టినా చివరికి నా వేళ్ళు ఆ పాత నడకే నడిచేవి. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలో నుంచి వాకిట్లోకి తిరిగేవాణ్ణి. నిలబడ్డచోట చేతికి ఏది దొరికితే దాని మీద కొట్టేవాణ్ణి.

"ఏందయ్యా, పొద్దటిసంది బీరువాను కొడుతున్నవ్? అదేం పాపం చేసింది?" అనేది నా భార్య. "పాట రాకపోతే పాయె. అన్నమన్న తిను."

ఉపవాసముండి ప్రార్థన చేశాను. మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ మనసు ఎక్కడెక్కడో తిరిగేది. యజమాని వాడుకోమని ఇచ్చిన తలాంతును, ఆ డబ్బును, భూమిలో పాతిపెట్టిన దాసుని సంగతి సండే స్కూల్లో పిల్లలకు నేనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ భాగం వచ్చిన ఆదివారం డ్యూటీ వేయించుకొని తప్పించుకున్నాను. దేవుడు తీసేసుకున్నాడా, నేనే పోగొట్టుకున్నానా తెలియలేదు. తెలియకపోవడం వల్లనే నిద్ర పట్టేది కాదు.

అట్లాంటి రోజుల్లో మా పాస్టరుగారు పిలిచారు. మేము ఆయనను అయ్యగారు అంటాము. బూర్గంపాడు దాటి లోపల, అడవి అంచున ఒక గూడెంలో విశ్వాసులు ప్రార్థన మందిరం కట్టుకుంటున్నారు. మా సంఘం సిమెంటు, ఇటుక సాయం చేసింది. ప్రతిష్ఠ ఆరాధనకు వాళ్ళకొక కొత్త పాట కావాలి.

"నువ్వు కట్టి ఇస్తవని మాటిచ్చిన తమ్ముడూ," అన్నారు.

అయ్యగారి ముందు కాదనలేక తల ఊపాను. వారాలు గడిచాయి. ప్రతిష్ఠ ఆ వచ్చే ఆదివారమే అన్నప్పుడు కూడా నా దగ్గర ఒక్క లైను లేదు. మా మందిరానికి పోయాను. ఆయన మైకు వైరు విప్పి అతుకు వేస్తున్నారు.

"అయ్యగారూ, నా తోటి కాదు. ఆ కీబోర్డు పిల్లలను అడగండి. ఇగ నేను పాటలు కట్టుడు బంద్."

ఆయన తల ఎత్తలేదు. "మాటిచ్చింది నేను. తప్పేది నువ్వు. పోయి నువ్వే చెప్పు వాళ్ళకు."

"ఫోన్ చేసి చెప్త."

"ఆడ సిగ్నల్ ఉండదు. గురువారం నీకు వీక్లీ ఆఫ్ గదా, పోయి రా." అప్పుడు తల ఎత్తి నవ్వారు. "టికెట్ గూడ లేదాయె నీకు."

గురువారం బయలుదేరాను. వాళ్ళ ముఖం చూసి కాదని చెప్పాలి, వచ్చేయాలి. పాటలు కట్టే పనిని ఆ గూడెంలోనే వదిలేసి ఖాళీ చేతులతో తిరిగి రావాలి. ఇట్లా అనుకుంటూ బస్సెక్కాను. డ్యూటీలో ఉన్న కండక్టర్ నాకు తెలిసినవాడే.

"కూసో అన్నా, ఇయ్యాల నువ్వు ప్యాసింజర్వి."

"నడుం నొప్పి, నిలబడితేనే మంచిగుంటది," అన్నాను. నడుముకేమీ లేదు. కూర్చోవడమే నా వల్ల కాలేదు. ఎదురుగా మిర్చి బస్తాల లారీలు యార్డుకు పోతున్నాయి. ఆ ఘాటుకు బస్సంతా దగ్గింది. నేను చెప్పాల్సిన మాటలను కూర్చుకుంటున్నాను. "ఏమనుకోకండి" అని మొదలుపెట్టాలా, "ప్రభువు చిత్తం కాలేదు" అనాలా? రెండోది అబద్ధమేమో అనిపించింది.

బూర్గంపాడులో దిగి షేరింగ్ ఆటో పట్టుకొని గూడేనికి చేరేసరికి ఎండ ముదిరింది. మందిరం గోడలు లేచాయి, పైకప్పు ఇంకా లేదు. ఆడవాళ్ళు బోరు దగ్గర నుంచి గోడ దాకా వరసగా నిలబడి బిందెలు అందించుకుంటూ కొత్త ఇటుకను తడుపుతున్నారు. నన్ను చూసి ఒకామె కేకేసింది.

"రేకులాయన వచ్చిండు!"

"రేకులేవి మరి? వెనక వస్తున్నయా?"

"కాదమ్మా, నేను ఖమ్మం నుంచి..."

"అవ్, ఖమ్మం రేకులే చెప్పినం. ఆదివారం కార్యం పెట్టుకొని ఇయ్యాల చేతులూపుకుంట వస్తే ఎట్ల సార్?"

నవ్వులు. కేకేసినామె వరసలో ఒక సందు చూపించింది. "అవి వచ్చేదాక ఈ బిందె అందుకో."

అందుకున్నాను. నిజం చెప్పాలంటే అన్ని నెలల్లో నా చేతులకు దొరికిన మొదటి నెమ్మది అది. బిందె వస్తుంది, పోతుంది, ఖాళీది తిరిగి వస్తుంది. అంతలో బోరు దగ్గర నుంచి ఒక గొంతు పాట ఎత్తుకుంది. ఎక్కించినది నీవే దేవా.

వరసంతా అందుకుంది. నేను కట్టిన దానికంటే కొంచెం నిదానంగా పాడుతున్నారు. లైను చివర నీళ్ళు గోడ మీద పోసేదాకా ఆగుతున్నారు. నా రెండు చరణాలూ అయిపోయాయి. పాట అక్కడితో ముగియాలి. ముగియలేదు.

గోదారొచ్చి గడప తొక్కినా గుండెలోకి రాలేదు
బడిలో మేము పండుకున్నా మా పక్క నుంచి నువ్వు లేవలేదు

బిందె నా చేతిలోనే ఆగిపోయింది. పక్కనామె మోచేత్తో పొడిచింది. "ఏంది సార్, నిద్రొచ్చిందా?"

"ఈ పాట ఎవరిదమ్మా?"

"పాత పాట సార్. మీరు విననే లేదా?"

"కట్టిందెవరు?"

"ఎవరో పెద్దాయన. ఎప్పుడో ప్రభువు దగ్గరికి పోయిండు."

అవతలి ఆమె కలగజేసుకుంది. "ఎడ్లబండ్ల కాలపాయన. ఎక్కించినవ్ అంటడు, దుమ్ము అంటడు. గప్పుడు బస్సులు ఏడియి?"

"మస్తు కష్టాలు పడ్డడంట," అన్నది పక్కనామె. "ఆఖరికి కండ్లు గూడ పోయినయంట."

"ఎవరు చెప్పిన్రు?"

"గట్లనే అంటరు అందరు."

"మరి ఆ చివరి చరణం?"

వాళ్ళలో వాళ్ళు కోయ భాషలో ఏదో అనుకొని నవ్వారు. పక్కనామె కొంచెం సిగ్గుపడింది. "అది మాదే సార్. గోదావరి వచ్చినప్పుడు మమ్మల్ని బడిల పెట్టిన్రు. కొత్త జాగ, పిల్లలు పండుకోకపోయేది. ఈ పాట ఒకటే తీరుగ పోతది గదా, ఊయల లెక్క. అది పాడితేనే కండ్లు మూస్తుండ్రి. చరణాలు అయిపోయినా పిల్లలు పండుకోకపోతే ఇంకోటి కలుపుకున్నం. చచ్చిపోయినాయన ఏమంటడులే అని."

ఒకటే తీరు. కీబోర్డు యువకుడన్న ‘ఒకటే నడక’ మాటే. మా ప్రాక్టీసులో నవ్వు పుట్టించిన మాట ఇక్కడ ఆమె నోట మామూలుగా వచ్చింది. ఆనందపడాలో, ఆరాధన కోసం కట్టిన నా పాటకు పిల్లలు నిద్రపోతున్నారని చిన్నబుచ్చుకోవాలో తెలియలేదు. రెండూ ఒకేసారి పొంగాయి. ఆ తొందరలో అనేశాను.

"నాకు కండ్లు మంచిగనే ఉన్నయమ్మా."

వరస ఆగింది. బోరు దగ్గర నుంచి ఒక ముసలామె, పాట ఎత్తింది ఆమే, తడి చేతులతో నా దగ్గరికి వచ్చి నా జబ్బ పట్టుకొని చూసింది.

"నువ్వా? ఆ పాట కట్టినోడివి నువ్వా?"

"అవ్ అవ్వా."

"బతికే ఉన్నవా?"

"ఉన్న."

"మరి బతికున్నవ్ గద బిడ్డా. ఇంకోటి కట్టకపోయినవ్?"

నేను చేతిలోని బిందెను పక్కకు అందించాను. పక్కనామె బెరుకుగా అడిగింది. "సార్, మా చరణం తీసెయ్యమంటరా?"

"తియ్యకుండ్రి. అది లేకుంటే పాట సగమే."

"ఆదివారం కొత్త పాట మీరే తెస్తున్నరా అయితే?"

తేలేనని చెప్పడానికే వచ్చాను. నోరు తెరిచాను. "ఆదివారం వస్త," అన్నది నా నోరు. ఎండ దిగేదాకా బిందెలు అందించి బయలుదేరాను.

తిరిగి వచ్చే బస్సులో సీటు దొరికింది. కూర్చోలేదు. వెనక తలుపు దగ్గర నిలబడి కడ్డీ మీద వేళ్ళు పెట్టాను. అదే దరువు వచ్చింది. ఈసారి చెయ్యి తీయలేదు. రానివ్వు, నాకిచ్చిన నడక ఇదే అయితే ఇదే నడుస్తాను అని ప్రభువుతో అన్నాను. పాల్వంచ రాకముందే పల్లవి వచ్చింది.

బతికున్నా గద దేవా, పాడకుంటే ఎట్ల
తడిసిన గోడలు చూస్తుండగ నిను పొగడకుంటే ఎట్ల

కొత్తగూడెం చేరేసరికి ఒక చరణం కూడా వచ్చింది. ఫోన్‌లో పాడి పెట్టుకున్నాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి, జరిగి కూర్చున్నాడు.

రెండో చరణం రాలేదు. శుక్రవారం, శనివారం డ్యూటీలో కడ్డీ పట్టుకొనే ఉన్నాను. రాలేదు. మళ్ళీ అదే గాభరా. బీరువా మళ్ళీ దెబ్బలు తిన్నది.

"ఒక్క చరణం తోటే పోతవా?" అన్నది నా భార్య.

పోయాను. ఆదివారానికి రేకులు పడ్డాయి. మా సంఘం వాళ్ళు వ్యాన్లో వచ్చారు. కీబోర్డు యువకుడు కూడా వచ్చాడు. నేను ఒక్కో లైను చెబుతుంటే గూడెం వాళ్ళు తిరిగి పాడారు. చరణం అయిపోయాక, "మిగిలింది మీరు కట్టుకోండి," అన్నాను.

అవ్వ నన్ను అనుమానంగా చూసింది. "చేతగాక మాకు అంటగడుతున్నవా బిడ్డా?"

"అవ్ అవ్వా."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకు నా లోపల ఏమీ తెగలేదు. కీబోర్డు యువకుడు వేళ్ళు మెట్ల మీద పెట్టుకొని నా వైపు చూశాడు. "రైట్ రైట్," అన్నాను. అతను ఆ పాత నడకే పట్టి వాయించాడు, ఏమీ మార్చలేదు.

నేను కుదుటపడ్డానని చెప్పను. ఇప్పటికీ కొన్ని రోజులు కడ్డీ కడ్డీలాగే ఉంటుంది. కానీ చెయ్యి తీయడం లేదు. గూడెం నుంచి రెండో చరణం ఇంకా రాలేదు. బూర్గంపాడు దగ్గర ఎవరైనా అంచు తడిసిన చీరతో బస్సెక్కితే, పాడుతుందేమోనని చూస్తాను.

ఇంతదాకా చదివిన మీరు, ఉన్నచోటనే ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. మోకాళ్ళ మీద ఉండలేకపోతే నిలబడే చేయండి. నేనూ అట్లాగే చేస్తున్నాను. ప్రభువా, ఆ గూడెం గడప వైపు ఈ వానాకాలం గోదావరిని రానివ్వకు. వచ్చినా, వాళ్ళ పక్క నుంచి లేవకు. ఒక నవ్వుకు పాట ఆపేసిన వాళ్ళు ఎక్కడున్నా వాళ్ళ జబ్బ పట్టుకొని అడిగే మనిషిని పంపు. మేము బతికున్నామని మాకు గుర్తుచెయ్యి. ఆమెన్ అని మీరు కూడా గట్టిగా అనండి, నా గొంతు ఒక్కటే చాలదు.