రెండంతస్తుల బస్సుల కాపురం

మొన్న మనుమరాలు నన్ను పట్నం తీస్కపోయి ఒక పాత డబుల్ డెక్కర్ బస్సు సూపెట్టింది. ఎర్రరంగు ఏసి, అద్దాలు మెరిపిచ్చి, సుట్టూ తాడు కట్టిన్రు. "పైకెక్కి ఫోటో దిగుదాం దా అమ్మమ్మా" అని పోరి చెయ్యి గుంజుతున్నది. నేనేమో తాడు కాడనే నిలవడ్డ. నా పెండ్లికి ముందు మేము కాపురమున్నది అండ్లనే!

మా నాయిన పట్నంల దానికి కండక్టర్. పందొమ్మిదొందల అరవైలల్ల దాని ఇంజిను మూలకువడ్డది, ఆయన మోకాలు గూడ మూలకువడ్డది. ఇద్దరినీ ఒక్కసారే ఇంటికి పంపిన్రు. తుక్కోళ్లు దాన్ని కోస్తరంటే ఆయనకు నిద్ర పట్టలె. వేలంల తనే కొని, లారీకి కట్టి గుంజుకొచ్చి, జహీరాబాద్ సడక్ పక్కన మా అల్లం చేను అంచుకు నిలవెట్టిండు. కింద వంట, పైన పడక. అమ్మ ఎంత మొత్తుకున్నా ఒక్క మొల కొట్టనిచ్చేటోడు కాదు. పొద్దుగాల లేసి ఇత్తడి కడ్డీలు చింతపండుతోటి తోమేటోడు. ఊర్ల నన్ను 'బస్సోళ్ల పిల్ల' అంటుంటే సిగ్గుతోటి సచ్చినంత పనయ్యేది.

ఝరాసంగం దిక్కు నుంచి మంచి సంబంధం వచ్చింది. ఇది తప్పితే నాకు పెండ్లే కాదని అమ్మకు ఒకటే ఫికర్. వచ్చినోళ్లను పైన సీట్లల్ల కూసోవెట్టినం. నేను చాయ్ పట్టుకొని మెట్లెక్కుతున్న, నాయిన నా ఎనుకనే ఉన్నడు. పిల్లగాని తాత కిటికీల నుంచి సూద్దామని లేసి నిలవడ్డడు. ఇగ సూడు! ఎన్నేండ్ల కండక్టర్ అలవాటో ఏమో, "ఓ పెద్దమనిషీ! పైన నిలవడొద్దు, కూసో!" అని నాయిన బస్సంత అదిరేటట్టు అరిసిండు. ముసలాయన గబుక్కున కూసున్నడు. జర సేపటికి మళ్ల లేసి, "దిగుదాం పాండ్రి" అన్నడు. చాయ్ ఎవ్వరూ ముట్టలె.

ఆ వారమే నాయిన ఊర్ల కిరాయి ఇల్లు తీసుకున్నడు. బీదర్ దిక్కు సంబంధం ఆ ఇంట్లనే కుదిరింది, పెండ్లి గూడ అయ్యింది. నన్ను సాగనంపనీకి నాయిన బండి ఎంబడి సడక్ దాక నడిసొచ్చిండు. మా బస్సు కాడికి రాంగనే నా అత్తింటి మామ బండి ఆపిచ్చి, "గిదెవరిది బావా, గింత ముద్దుగ ఉన్నది?" అని అడిగిండు. నాయిన నా దిక్కు ఒక్కసారి సూసిండు. తల వంచి, "ఏమో బావా, ఎవరిదో" అన్నడు. నేను కొంగు నోట్ల కుక్కుకున్న.

ఆయన పోయేదాక రోజూ పోయి దాన్ని కడిగేటోడట. తర్వాత పట్నపోళ్లొచ్చి తీస్కపోయిన్రు. కాలం ఆ బస్సును మళ్ల కొత్తగ చేసింది గని, "ఎవరిదో" అన్న మా నాయిన మాటను ఇన్నేండ్లయినా పాతగ కానిస్తలేదు.