మడత విప్పిన నూటపన్నెండో పేజీ

నవలల కోసం నేను విడిగా ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, పేజీల సంఖ్య, పట్టుకున్న తప్పులు, పదికి నేనిచ్చిన మార్కులు: ఈ వరుసలో గడులు గీసి, రెండేళ్ళలో ముప్పై ఒక్క నవలల వివరం రాశాను. పన్నెండు ప్రేమ నవలలు, పదకొండు థ్రిల్లర్లు. మిగిలిన ఎనిమిదింటిని అమ్మేవాళ్ళు యంగ్ అడల్ట్ అంటున్నారు. దానికి సరైన తెలుగు మాట తోచక ‘పదహారేళ్ళ వాళ్ళ నవలలు’ అని రాసుకున్నాను. అన్నీ ఈ మూడు నాలుగేళ్ళలో అచ్చయినవే. అన్నీ నాకిచ్చింది నా మేనకోడలే, తమ్ముడి కూతురు. ఆమె ఇచ్చిన చివరి నవలకు మొదట ఆరు మార్కులు వేసి, తరువాత కొట్టేశాను. ఆ గడిలో ఏం రాయాలో ఇప్పటికీ తెలియడం లేదు.

దబీర్‌పురా స్టేషనుకు ఏడు నిమిషాల నడకలో ఉన్న మా ఇంట్లో తమ్ముడి కుటుంబంతో కలిసి ఉంటాను. తమ్ముడికి ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి, చింతపండు టోకు దుకాణం. నేను కంచన్‌బాగ్‌లో ఒక కర్మాగారంలో కొలపరికరాలను సరిచూసే విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో గ్యాస్ బండ ఎప్పుడు మార్చారో, పిల్లకు ఏ టీకా ఎప్పుడు వేయించారో నా డైరీ తెరిచే చెప్పాలి. అందువల్ల తమ్ముడి దగ్గర నా మాటకు ఒక బరువుండేది. “అక్క లెక్కజూసి చెప్పింది” అని అతను అన్నాడంటే ఇంట్లో ఆ చర్చ ముగిసినట్టే. ఈ సంగతి నాకంటే నా మేనకోడలికి బాగా తెలుసు.

ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ప్రేమ నవల నా చేతిలో పెట్టి, చదివి అభిప్రాయం చెప్పమంది. చదివాను. నాయికా నాయకులు నలభయ్యో పేజీలో పున్నమి వెన్నెలలో కలుసుకున్నారు. రచయిత్రి స్వయంగా చెప్పిన రోజులను కూడితే పందొమ్మిది రోజులకు, డెబ్బై ఒకటో పేజీలో, మళ్ళీ పున్నమి వచ్చింది. ఈ మాట చెప్పినప్పుడు మేడమీద బట్టలు ఆరేస్తున్న పిల్ల పడీ పడీ నవ్వింది.

“ప్రేమల వడ్డోళ్ళకు రోజూ పున్నమే అత్తా. నీకెట్ల తెలుస్తది?”

ఆ మాటకు మా మరదలు కిందనుంచి కేకలేసింది గాని, నాకు కోపం రాలేదు. ప్రేమ నవలల మీద నా అసలు ఫిర్యాదు చంద్రుడు కాదు. ఒక్క ఫోను చేసి నాలుగు మాటలు మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థాన్ని నూట అరవై పేజీలు లాగుతారు. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లుంటాయి. ఇద్దరూ వాటిని చూస్తూ నిట్టూరుస్తారు. మొదటి నవల మొదలు పన్నెండోదాని వరకు ఈ ఫిర్యాదును ఒకే మాటల్లో రాశాను.

థ్రిల్లర్ల మీద నాకు కొంత గౌరవం ఉండేది. తేదీలు, సమయాలు ఇస్తారు గనుక సరిచూడవచ్చు. సరిచూశాక ఆ గౌరవం తగ్గింది. ఒకదానిలో నలభై ఒక్క అధ్యాయాలుంటే పదిహేడు అధ్యాయాలు తలుపు చప్పుడుతో ముగిశాయి. మరొకదానిలో హంతకుడు రెండువందలవ పేజీ దాటాక గాని కథలోకి రాలేదు. అతన్ని ఊహించలేకపోవడం నా తప్పన్నట్టు రచయిత మాట్లాడాడు. ఇంకొకదానిలో పోలీసు అధికారి సాయంత్రం ఏడు గంటలకు కంచన్‌బాగ్ నుంచి ఉస్మాన్‌గంజ్‌కు తొమ్మిది నిమిషాల్లో చేరాడు. నాకు ఆ దారిలో, బస్సు దొరికిన రోజున, యాభై నిమిషాలు పడుతుంది. అన్నం తింటున్న తమ్ముడు ఇది విని, గా పోలీసాయన నంబరుంటే ఇయ్యక్కా, మిర్చి బస్తాలు ఆయన బండిలనే పంపుత అన్నాడు.

పదహారేళ్ళ వాళ్ళ నవలలు నాకు కొరుకుడు పడలేదని ఒప్పుకోవాలి. వాటిలో పెద్దగా ఏమీ జరగదు. ఒక పిల్ల బడి మారుతుంది, ఒక స్నేహితురాలు మాట్లాడటం మానేస్తుంది, ఒక పిల్లవాడు ఇంట్లో చెప్పవలసిన మాట చెప్పకుండా ఎనభై పేజీలు తిరుగుతాడు. ఎవరూ చావరు, ఎవరూ పెళ్ళి చేసుకోరు. మార్కులు దేనికి వేయాలో తెలియక, తప్పుల సంఖ్యను బట్టి వేసేదాన్ని. మేనకోడలు నా గడులు చూసి అనేది: “నీకు కథ గావాల్నా, హిసాబ్ గావాల్నా అత్తా?” లెక్క సరిగా లేని కథను నమ్మేదెట్లా అని నేను అడిగేదాన్ని. ఇద్దరమూ పట్టు విడిచేవాళ్ళం కాదు. ఆదివారం మధ్యాహ్నాలు అట్లా గడిచేవి.

ఈ ఏడు ఆమె పదో తరగతి ముగించింది. మంచి మార్కులే వచ్చాయి. తమ్ముడు ఊరి చివర ఉన్న ఒక హాస్టలు కాలేజీలో, డాక్టరు చదువు పరీక్షకు తయారుచేసే చోట, చేర్పించాలని ఆలోచిస్తున్నాడు. ఇంట్లో ఆ మాట నడుస్తూనే ఉంది. పిల్ల ఔననలేదు, కాదనలేదు.

మే ఎనిమిదిన ఆమె నాకు ముప్పై ఒకటో నవల ఇచ్చింది. రెండువందల పన్నెండు పేజీలు. ఎప్పటిలా చేతికివ్వక నా మంచం మీద పెట్టి, జల్ది చదువు అత్తా అని మాత్రం అని వెళ్ళింది. ఆ వారాల్లో మా విభాగానికి తనిఖీ ఉండటం వల్ల పన్నెండు రోజులు పట్టింది. రోజుకు పదిహేడు, పద్దెనిమిది పేజీలు. పందొమ్మిదిన ముగించాను.

కథ చిన్నది. ఒక ఊరి పిల్లను పట్నంలో హాస్టలులో వేయడానికి ఇంట్లో నిర్ణయిస్తారు. నూటపన్నెండో పేజీలో, ప్రయాణానికి ముందురోజు, ఆ పిల్ల తన పెద్దమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఆ పేజీ మూల మడత పెట్టి ఉంది. పుస్తకాల పేజీలు మడిస్తే నాకు గిట్టదు. మడత విప్పి, స్కేలు అంచుతో రుద్ది సాపు చేశాను. అదే పేజీలో బస్సు అయిదూ నలభైకి బయలుదేరి, రెండు గంటలు ప్రయాణించి, ఏడూ పదికి చేరినట్టు రాసి ఉంది. ఏడూ పది చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన 7.40 అని రాశాను.

ఇరవైన పుస్తకం తిరిగిచ్చాను. మొత్తం తొమ్మిది తప్పులని, ఆరు మార్కులని, పేజీలు మడవవద్దని చెప్పాను. ఆమె పుస్తకం తెరిచి నేరుగా ఆ పేజీకే వెళ్ళింది. సాపు చేసిన మూలను బొటనవేలితో తడిమి చూసింది.

“ఈ పేజీల నీకు గింతనే కనవడ్డదా అత్తా?”

“ఇంకేమన్న తప్పున్నదా?” అన్నాను.

ఏం లేదు అంది. పుస్తకాన్ని తీసుకెళ్ళి అలమారలో పెట్టింది.

మే ఇరవై రెండున, అన్నాలప్పుడు, ఆ రోజే కాలేజీలో ఫీజు కట్టి వచ్చానని తమ్ముడు చెప్పాడు. చెప్పి నా వైపు చూశాడు. రసీదు తీసుకున్నావా అని అడిగాను. తీసుకున్నానన్నాడు. ఆ రోజు డైరీలో ‘పిల్ల కాలేజీ ఫీజు, రసీదు ఉంది’ అని ఉంది. ఆమె అన్నం సగంలో వదిలి లేచిందని కూడా ఉండవలసింది. లేదు. అది ఇప్పుడు గుర్తు తెచ్చుకుని రాస్తున్నాను.

జూన్ రెండున వెళ్ళింది. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు, రెండు బకెట్లు. నవలలు తీసుకెళ్ళకూడదని నియమాల కాగితంలో ఉందట. అయిదున, పని నుంచి వచ్చాక, ఆమె అలమారలో దుమ్ము దులుపుతూ పుస్తకాలు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఎక్కడ ఆపినా ఆమె బస్సు టికెట్టు పెట్టేది, లేదా జడకు కట్టుకునే రిబ్బను ముక్క పెట్టేది. నేను కోప్పడతానని ఏ పుస్తకంలోనూ పేజీ మడిచేది కాదు. ముప్పై పుస్తకాల్లోనూ ఒక్క మడత కనిపించలేదు. ముప్పై ఒకటోదానిలో మాత్రం ఒకటి, నేను విప్పినది.

కింద కూర్చుని ఆ పేజీ మళ్ళీ చదివాను. ఈసారి చేతిలో పెన్సిలు లేదు. ఆ పిల్ల పెద్దమ్మతో అంటుంది: “నేను వెళ్ళనని మీరు చెప్పండి. నేను చెబితే అలక అంటారు. మీరు చెబితే ఆలోచన అంటారు.” బస్సు సమయం ఆ మాటకు రెండు వాక్యాల కింద ఉంది.

డైరీ తెరిచి తేదీలు లెక్కవేశాను. పుస్తకం నా చేతికి వచ్చిననాటి నుంచి ఫీజు కట్టిననాటి వరకు పద్నాలుగు రోజులు. అందులో పన్నెండు రోజులు ఆ మాట నా దిండు పక్కనే ఉంది. మిగిలిన రెండు రోజుల్లోనూ ఒక్క మాట చాలేది.

మరునాడు సెలవు పెట్టి ఉస్మాన్‌గంజ్ వెళ్ళాను. దుకాణంలో అప్పుడే మిర్చి దిగుతోంది. దగ్గుతూనే ఆ పేజీ సంగతి చెప్పాను. తమ్ముడు హమాలీలను పంపించి, నాకు స్టూలు వేసి, మొత్తం విన్నాడు. అతని ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు కొంత సులువయ్యేది.

“అక్కా, నువ్వొక్క మాట ముందుగాల అంటే ఆగుతుంటి గదా,” అన్నాడు. “ఆ దినం నీ దిక్కు జూసిన. నువ్వు రసీదు అడిగినవ్. నీకు గూడ సరే ఉన్నట్టుందనుకున్న.”

ఇప్పుడు తీసుకురాలేమా అని అడిగాను. కట్టింది తిరిగిరాదని, సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయని, మంచి కాలేజీల్లో సీట్లు నిండిపోయాయని చెప్పాడు. ఒక్కొక్కదానికీ అతని దగ్గర సరైన జవాబుంది. అందరి పిల్లలు ఉంటలేరా, అలవాటైతది, ఈ ఏడు గడవనియ్యి అన్నాడు. అతని లెక్కలో తప్పు పట్టడానికి చాలాసేపు ప్రయత్నించాను. దొరకలేదు.

తరువాతి శనివారం ఆ నవల సంచిలో పెట్టుకుని కాలేజీకి వెళ్ళాను. రెండు బస్సులు మారి, గంటా నలభై నిమిషాలు. నూటపన్నెండో పేజీ మూలను మళ్ళీ మడిచాను. నేను రాసిన 7.40 ని రబ్బరుతో చెరిపాను. అది చూస్తే ఆమెకు తెలుస్తుందనుకున్నాను. గేటు దగ్గరి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. క్లాసు పుస్తకాలు తప్ప లోపలికి పోవమ్మా అన్నాడు. పిల్లను చూసే రోజు కూడా అది కాదు. పుస్తకాన్ని నా ముందే అటూ ఇటూ తిప్పి, మడత చూసి, ఎవరో పాడుజేసిన్రు అని, మూల సరిచేసి నా చేతికిచ్చాడు.

హాస్టలు నుంచి ఫోను రెండో ఆదివారం, నాలుగో ఆదివారం వస్తుంది. పిల్లకు పది నిమిషాలు. వెనక వరుసలో మిగతా పిల్లలు నిలబడి ఉంటారు. జూన్‌లో వచ్చిన రెండు ఫోన్లూ మా మరదలికి, తమ్ముడికి సరిపోయాయి. తిన్నావా, పడుకుంటున్నావా అన్న మాటలే సాగాయి. నాకు చివర పది పదిహేను సెకన్లు మిగిలాయి. అందులో ఏం చెప్పను? జూలై రెండో ఆదివారం పది నిమిషాలూ నాకే కావాలని అడిగి తీసుకున్నాను. గడియారం విప్పి ఎదుట పెట్టుకున్నాను.

ఆమె గొంతు జలుబు చేసినట్టుంది. వర్షంలో తడిసిందట. చదువు గురించి అడిగితే నడుస్తున్నదంది. రెండు నిమిషాలు గడిచాయి.

“బిడ్డా, ఆ పేజీ మళ్ళ చదివిన,” అన్నాను. “పెన్సిల్ లేకుంట.”

వెనక పిల్లల గోల వినిపించింది. పద్నాలుగు సెకన్లు.

“బాపుకు చెప్పినవా?”

“చెప్పిన.”

“ఏమన్నడు?”

“ఈ ఏడు గడవనియ్యి అన్నడు.”

నాకెర్కనే అత్తా, అంది. ఏడుస్తుందేమోనని చెవి రిక్కించి విన్నాను. ఏడవలేదు. కాసేపటికి, ఎన్ని నిమిషాలైనయ్ అని అడిగింది. నాలుగు అన్నాను.

“ఇంకా ఆరున్నయ్ గదా. కొత్తది ఏమన్న చదివినవా? కథ చెప్పు. తప్పులు చెప్పకు.”

ఆమె వెళ్ళాక నేనే కొన్న థ్రిల్లరొకటి ఉంది. ముప్పై రెండోది. స్టేషనులో తప్పిపోయిన ఒక పిల్ల కథ. చెప్పడం మొదలుపెట్టాను. నాకు కథ చెప్పే అలవాటు లేదు. ఎవరు ముందు, ఏది వెనక అని తడబడుతూ, రైలు సమయాల్లో ఉన్న తప్పును దాటేసి, తల్లి ప్లాట్‌ఫారం మీద వెతికే చోటు వరకు వచ్చాను. మధ్యలో ఆమె ఊఁ కొడుతూనే ఉంది. ఇంట్లో మేడమీద కూర్చుని వినేటప్పుడు అట్లాగే ఊఁ కొట్టేది. తొమ్మిదో నిమిషంలో అవతల ఎవరో పిలిచారు.

“అత్తా, టైమైతుంది. ముందే చెప్పు. ఆ పిల్ల దొరుకుతదా?”

ఆ నవలలో ఆ పిల్ల దొరకదు. చివరి పేజీలో తల్లి స్టేషను మెట్ల మీద కూర్చుని ఉంటుంది, అంతే. రచయిత ధైర్యానికి నేను ఎనిమిది మార్కులు వేశాను. ఏ నవలకూ అంత వేయలేదు.

“దొరుకుతది,” అన్నాను.

“ఎట్ల?”

మళ్ళ ఫోన్ల చెప్త అంటుండగా లైను ఆగిపోయింది. తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. ఇరవై సెకన్లు తక్కువ ఇచ్చారు. ఎవరిని అడగాలో తెలియలేదు.

నోటుపుస్తకం తీసి ముప్పై రెండో వరుస ముందు పెట్టుకున్నాను. నాలుగో ఆదివారానికి పద్నాలుగు రోజులున్నాయి. ఆ నవల రెండుసార్లు మళ్ళీ చదివాను. స్టేషను నుంచి బయటికి పోయే దారులన్నీ కాగితం మీద గీసి చూశాను. రచయిత ఒక్క దారీ విడిచిపెట్టలేదు. ఆ పిల్ల ఎట్లా దొరుకుతుందో నాకు తోచడం లేదు.