నేను కట్టని చీర

గద్వాలలో మగ్గం దిగిన చీరను మనిషి ఒంటిమీద వేసి చూపించి అమ్మరు. నేలమీద పరచిన తెల్లని దుప్పటిపై దాన్ని విప్పి, అంచు చూపించి, కొంగు చూపించి, మళ్లీ పాత గీతల మీదే మడత పెడతారు. ఒక్కసారి భుజం మీదికి ఎక్కిందంటే అది కట్టిన చీర కిందే లెక్క. పెండ్లికి గాని, దేవుని పనికి గాని కొనేవాళ్లు ఇక దాన్ని ముట్టుకోరు. ఈ నియమాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు, కానీ మా వీధిలో దీన్ని తప్పిన ఇల్లు నాకు తెలియదు. నేను మోడల్‌ని కావడానికి కారణం ఈ నియమమే. నేను కోరుకున్న ఒకే ఒక్క చీర నాకు దక్కకపోవడానికి కూడా దీనితో సంబంధం ఉంది.

మా ఇంట్లో ఒకటే గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించి కూర్చుని నేసేది. నాన్న పోయాక అక్క దానిమీద కూర్చుంది. ఆమె నేసింది కాబట్టి నేను వనపర్తి హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదవగలిగాను. పట్టు, నూలు, జరీ షావుకారువి, చెయ్యి మాది. తయారైన చీర షావుకారు దుకాణానికి వెళ్లేది. అక్కడి నుంచి ఏ ఊరికి, ఏ ఇంటికి వెళ్లిందో మాకు తెలిసేది కాదు. మా వీధి ఆడవాళ్లు కట్టుకునేవన్నీ మిల్లు చీరలే. తాను నేసిన చీరను అక్క ఒక్కరోజైనా కట్టగా నేను చూడలేదు.

గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు, కొంగు పట్టు. రెండు రకాల దారం ఒకే బిగువుకు లోబడదు. నూలు ఒక తీరున సాగుతుంది, పట్టు ఇంకో తీరున. కొంగు మొదలయ్యే చోట ఒక్కొక్క నూలు పోగునూ ఒక్కొక్క పట్టు పోగుతో చేతివేళ్లతో మెలిపెట్టి కలపాలి. తప్పు పడితే సాధారణంగా అక్కడే పడుతుంది. నా చివరి సంవత్సరం సెలవుల్లో అక్క నేసిన ఒక చీరలో అలాంటి తప్పే పడింది. కూలి కోత ఖాయమనుకున్నాం. సరిగ్గా అప్పుడే షావుకారుకు క్యాలెండర్ మీద వేయించడానికి చీర కట్టిన అమ్మాయి బొమ్మ ఒకటి కావలసి వచ్చింది. మంచి చీర కట్టిస్తే ఆ చీర అమ్మకానికి పనికిరాదు. తప్పుపడిన చీర అయితే ఎటూ పోయిందే. ఆయన మా ఇంటికి వచ్చి, గడప దగ్గరే నిలబడి, నీ చెల్లెను ఒక్క పూట పంపితే ఆ తప్పును లెక్కలోకి తీసుకోనని అక్కతో అన్నాడు.

ఫొటో తీసేది నాగర్‌కర్నూల్‌లో. రంగుల ఫొటోకు తగిన దీపాలు ఆ స్టూడియోలో ఉన్నాయని షావుకారు కనుక్కున్నాడు. అక్కా నేనూ వనపర్తిలో బస్సు మారి గోపాల్‌పేట మీదుగా వెళ్లాం. చీర మూట అక్క ఒళ్లో ఉంది. అంతకు ముందురోజు నేను ఒక డ్రాయింగ్ షీటు మీద ఆ చీరను కొలతకు గీశాను. పొడవు అడ్డం గీత, వెడల్పు నిలువు గీత, తప్పు ఉన్న చోట ఒక చుక్క. చెంగు ఎంత వదిలితే, కుచ్చిళ్లు ఎంత వెడల్పున పెడితే, ఆ చుక్క ఎక్కడికి వస్తుందో లెక్క కట్టాను. భుజం మడతలో మూడో పొర లోపలికి వచ్చింది. స్టూడియోలో అక్షరాలా అలాగే కట్టుకున్నాను. ఫొటోగ్రాఫర్ షావుకారు చెప్పిన తప్పు కోసం వెతికి, దొరక్క, చీర మార్చుకొచ్చారా అని అక్కను అడిగాడు.

ఆ క్యాలెండర్ హైదరాబాద్ దాకా వెళ్లింది. అక్కడి ప్రకటనల వాళ్లలో ఒకరు ఆ అమ్మాయి ఎవరని షావుకారును అడిగారు. డిప్లొమా పూర్తయిన ఏడాది నేను హైదరాబాద్ వెళ్లాను. కొన్నాళ్లు ఒక కాంట్రాక్టరు ఆఫీసులో నక్షాలు గీస్తూనే సబ్బులకు, టీపొడికి, కుక్కర్లకు ఫొటోలు దిగాను. తర్వాత నక్షాలు మానేశాను. ప్రతి ఏడూ షావుకారు క్యాలెండర్‌కు మాత్రం తప్పకుండా గద్వాల వచ్చేదాన్ని. ప్రతి ఏడూ అక్క నేసిన వాటిలో తప్పుపడిన చీర ఒకటి నా కోసం సిద్ధంగా ఉండేది.

నేను నిలబడే తీరు గురించి ఒక వారపత్రిక ప్రత్యేకంగా రాసింది. ఎడమచేయి నడుము మీద ఆనించి, ముఖం కొంచెం పక్కకు తిప్పడం నా ముద్ర అట. నిజానికి ఆ ఏడాది చీరకు ఆ చేతి కింద నూనె మరక ఉంది. ఇంకో ఏడాది కుడివైపు అంచు గుంజుకుపోయిన చీర; ఆ ఏడాది కుర్చీలో కూర్చుని దిగాను. అది కూడా బాగుందన్నారు. అక్క చేతిలో జరిగిన పొరపాట్లన్నీ నా ఒంటిమీద ఊరూరా గోడలకు వేలాడాయి. ఆమె పొరపాటు లేకుండా నేసినవి, అంటే ఆమె నేసిన వాటిలో దాదాపు అన్నీ, ఎక్కడ ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. అప్పుడు మొదలైంది నాకు ఆ కోరిక. అక్క మగ్గం మీద దిగిన చీర, తప్పు లేనిది, కొత్తది, మొదటిసారి నా ఒంటి మీద విప్పుకోవాలి. ఖరీదైన చీరలు నాకు తక్కువేమీ కాలేదు. కట్టిన ప్రతిసారీ అవి వేరే వాళ్ల ఇళ్లలో పుట్టాయన్న సంగతి నా వేళ్లకు తెలిసేది.

తొంభైల మొదట్లో ఒక టీవీ సీరియల్లో టీచరమ్మ వేషం వచ్చింది. మొదటి వారం దర్శకుడు నాతో విసిగిపోయాడు. ఎటు నడవమన్నా నేను ఎడమపక్కను కెమెరాకు దూరంగా ఉంచుతున్నాను, చేతిని నడుము మీది నుంచి తియ్యడం లేదు. ఆయన కేకలు వెయ్యలేదు. నన్ను పక్కకు పిలిచి, ఎవరి దగ్గర ఏం దాస్తున్నావమ్మా అని మాత్రం అడిగాడు. తర్వాత రెండు చేతుల్లో రెండు నీళ్ల బకెట్లు పెట్టి, మాట్లాడుతూ ఆవరణ చుట్టూ తిరగమన్నాడు. చేతులు ఖాళీ లేకపోతే దాచడం కుదరదు. బట్ట ఎటు జారినా పట్టించుకోకుండా మాట మీద మనసు పెట్టడం నాకు అలా పట్టుబడింది. నటన అంటే నాకు ముందుగా తెలిసింది అదే. ఆ టీచరమ్మ సాదా నూలు చీరలు కట్టేది. ఆ వేషమే నన్ను పాలమూరు పల్లెల్లోని ఇళ్లలోకి తీసుకువెళ్లింది.

సీరియల్ ముగిసే సమయానికి హైదరాబాద్ బట్టల కంపెనీ ఒకటి తమ చీరలకు పెట్టుకోవడానికి నా పేరు అడిగింది. వాళ్లే తయారు చేస్తారు, వాళ్లే అమ్ముతారు. చీర మీద నా పేరు, పెట్టె మీద నా బొమ్మ, ప్రతి చీర మీద నాకు కొంత వాటా. ఆ ఒప్పందాన్ని నేను కట్టడపు నక్షా చదివినట్టు చదివాను. దారం ఎంత సన్నం, అంచు ఎలా కలుపుతారు, రంగు నిలుస్తుందా అని అడిగితే, అవి మీకెందుకు, మీరు పేరిస్తే చాలన్నారు. నేను ఒక షరతు పెట్టాను. ఈ పేరుతో వచ్చే చీరల్లో కొన్నైనా గద్వాల మగ్గాల మీదివి కావాలి. పెట్టె మీది బొమ్మలో నేను కట్టేది మా అక్క నేసిన చీర, తప్పు లేనిది కావాలి. వాళ్లు కొంత తర్జనభర్జన పడి ఒప్పుకున్నారు. ఇన్నేళ్ల కోరికకు అలా ఒక ఒప్పందం తోడైంది.

అక్క మగ్గం మీది చీర ఒకటి దుకాణపు ధరకే కొంటానని షావుకారుకు కబురు చేశాను. పది రోజుల్లో పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే కొంగు దగ్గర పోగులు తెగి ఉన్నాయి. ఫోన్ చేస్తే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఫొటోకే అంటివి కద బిడ్డా. మంచి చీరను ఎందుకు ఖరాబ్ చేసుకునుడు? నీ కోసమే దాచిపెట్టిన దాన్ని."

నాకు మేలు చేశాననే ఆయన నమ్మకం. మొత్తం మళ్లీ విడమరిచి చెప్పాను. అక్క కొత్త పడుగు ఎక్కించింది. చిలకాకుపచ్చ ఒళ్లు, కుంకుమరంగు అంచు, కొంగు నిండా జరీ. చీర దిగే రోజు నేను గద్వాల వచ్చాను. అక్క దాన్ని ఇంట్లో నాకు పూర్తిగా విప్పి చూపించలేదు. ముందు షావుకారు పరీక్షించాలి, ఆ తర్వాతే అది ఎవరిదైనా. ఇద్దరం కలిసి దుకాణానికి వెళ్లాం.

అక్కడ కోడేరు నుంచి వచ్చిన రైతు కుటుంబం కూర్చుని ఉంది. తల్లి, పెండ్లికూతురు, మేనమామ. దుప్పటి మీద చీరల గుట్ట, ఏదీ నచ్చినట్టు లేదు. షావుకారు అక్క మూట తీసుకుని, చీరను గుమ్మం వెలుతురులోకి పట్టి, అడుగు అడుగు జరుపుతూ చూశాడు. తప్పు లేదు. ఆ అమ్మాయి కూర్చున్న చోటి నుంచి లేచి వచ్చింది.

"ఇది సూపియ్యలేదేంది సేటు?" అంది తల్లి.

"అది ముందే చెప్పుకున్న సరుకు. గా అమ్మది," అని షావుకారు నన్ను చూపించాడు.

ఆమె నా వంక చూసి, మళ్లీ చూసి, నవ్వింది. "టీవీల టీచరమ్మవు కద నువ్వు. నిన్ను సూసెతందుకు మా వాడకట్టంత మా ఇంట్లనే కూసుంటుండె." తర్వాత గొంతు కొంచెం తగ్గించింది. "నీకేం తక్కువ బిడ్డా, బీరువాల కొద్ది ఉంటయి. మా పిల్లకు గిదొక్కటే పెండ్లి."

నాకు ఇలాంటిది ఒక్కటి కూడా లేదని ఆమెకు ఎలా చెప్పను? ఎవరు నమ్ముతారు?

పెండ్లికూతురు మా మాటలు వినడం లేదు. నూలు ముగిసి పట్టు మొదలయ్యే చోటును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఇటు ఒకసారి అటు ఒకసారి నిమురుతోంది.

"అతుకు ఏడుంది?" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

"ఉంది. కనవడొద్దని నేసిన," అంది అక్క.

ఆ అమ్మాయి తల తిప్పి, చెప్పుల దగ్గర నిలబడిన మా అక్కను చూసింది. ఒక చీర కట్టబోయే మనిషి, దాన్ని నేసిన మనిషి ఎదురుపడటం నా ఎరుకలో అదే మొదటిసారి. అక్క ముఖం మీద ఆ క్షణాన కనిపించినది నేను అంతకుముందు ఎరగను. ఎన్ని వేషాలు వేసినా దాన్ని నా ముఖం మీదికి తెచ్చుకోలేకపోయాను.

అక్కను బయటి అరుగు మీదికి తీసుకువెళ్లి ఏం చెయ్యమంటావని అడిగాను. నీ ఇష్టం, కంపెనీకి మాటిచ్చినావు కదా అంది. నీ ఇష్టమేమిటో చెప్పమన్నాను. చాలాసేపు చీరకొంగుతో వేళ్లు తుడుచుకుంది.

"కోపం చెయ్యకు. నువ్వు కడితె నిన్ను సూస్తరే. చీర నీ ఎనుకవడ్తది. గా పిల్ల కడితె చీరను సూస్తరు." మళ్లీ తనే అంది, "గిన్నేండ్ల సంది నేస్తున్న. తప్పులేని ఒక్కదాన్ని గూడ కట్టంగ సూడలే."

నా కోరిక ఆమె మీదున్న ప్రేమేనని నేను అనుకుంటూ వచ్చాను. అది నిజమే. కానీ ఆమె కోరిక ఏమిటో నేను ఏనాడూ కొలిచి చూడలేదు. రెండూ ఒకే చీర మీద పడ్డాయి, అది ఒక్క కోరికకే సరిపోతుంది. లోపలికి వెళ్లి, ఆ చీర వాళ్లకు ఇవ్వమని షావుకారుకు చెప్పాను. తల్లి సంబరపడి, టీచరమ్మ చేతితో ఒక్కసారి పిల్ల భుజం మీద వెయ్యమంది. పెండ్లి పీటల దాకా దాన్ని ఏ భుజం మీదా వెయ్యొద్దని చెప్పి, నేనే మడత పెట్టి ఇచ్చాను. అంతసేపే నా చేతుల్లో ఉంది.

కంపెనీ వాళ్లు వేరే చీరతో బొమ్మ తీసుకుందామన్నారు. నా పేరున్నా, నా బొమ్మ ఉన్నా చీర నా వెనకే పడుతుందని తెలిశాక, నేను ఒప్పందంలోంచి చీర అన్న మాటే కొట్టించేశాను. నా పేరు లంగాలకు, జాకెట్టు ముక్కలకు, ఫాల్స్‌కు వెళ్లింది. చీర కింద ఉండి ఎవరికీ కనిపించనివే నీకు దొరికాయా అని తోటి నటులు ఆటపట్టించేవారు. ఆ వ్యాపారం బాగా నిలిచింది. ప్రతి కొత్త గుడ్డనూ తడిపి, ఆరేసి, ఎంత కుదించుకుపోయిందో స్కేలు పెట్టి చూసిన తర్వాతే దానికి నా పేరు ఇచ్చాను. రెండేళ్లకు ఇంకో ఇద్దరు తయారీదారులు వచ్చారు. వేషాలు తగ్గించుకుని, చిన్న ఆఫీసు తీసుకుని, ఆ పనిలోనే కూర్చున్నాను. మీ పేరుతో చీర ఎందుకు రాదని దుకాణదారులు అడిగేవారు, ఇప్పటికీ అడుగుతారు.

కోడేరు వాళ్లు పెండ్లికి మా ఇద్దరినీ పిలిచారు. షూటింగు లేదు, నేను వెళ్లగలిగేదాన్నే. అక్క వద్దంది. "నువ్వొస్తె పందిరంత నీ దిక్కే తిరుగుతదే," అంది, బతిమాలినట్టు.

తను ఒక్కతే వెళ్లింది. పెండ్లి మరునాడు బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతు నుంచి ఆమె ఫోన్ చేసింది. ముందు వంటల గురించి చెప్పింది, తర్వాత బస్సు దొరకని సంగతి. నేను మాటను చీర దగ్గరికి లాగాను. తనను ముందు వరుసలో కూర్చోబెట్టారట. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అంచు పట్టుకుని చూశారట. ఇది నేసింది ఈమెనే అని పెండ్లికూతురు తల్లి అందరికీ చూపించిందట. తలంబ్రాల వేళ ఆ అమ్మాయి ఒకసారి తల ఎత్తి, అక్క చూస్తోందా లేదా అని చూసిందట.

పీట మీద కూర్చున్నప్పుడు అంచు నిలబడిందా, నూలు దాన్ని లోపలికి గుంజిందా అని అడిగాను.

"నిలవడ్డది."

మధ్యాహ్నపు ఎండలో రంగు ఎలా ఉందని అడిగాను.

"గుంటల కూసుని నేసినప్పుడు గది గా రంగని నాకు గూడ తెల్వలే," అంది.

ఇంకొకసారి మొత్తం చెప్పమన్నాను. బయట ఎవరో ఫోను కోసం తొందరపెడుతున్నారంది. అయినా చెప్పింది, ఈసారి కొంగు నుంచి మొదలుపెట్టి.