ఏ కన్నండీ, ఏ రెప్పండీ?

మా ఆసుపత్రిలో జబ్బుల రిజిస్టరు రాసే గుమాస్తాగారు మొన్న శుక్రవారం పొద్దున పోయారు. కబురు వినగానే దుఃఖం కంటే ముందు ఆయన మీది పాత విసుగే గుర్తొచ్చింది. దాచి ఏం లాభం? బెజవాడలో కంటి డాక్టరుగా చేరిన నాటి నుంచి నన్ను ఆయన విసిగించినంతగా మరెవరూ విసిగించలేదు.

వరండా నిండా రోగులు. నేను చీటీ మీద "రెప్ప మీద కురుపు" అని రాసి పంపేవాణ్ణి. కాసేపటికి ఆయన అదే చీటీ పట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గుమ్మంలో నిలబడేవారు.

"ఏ కన్నండీ? పై రెప్పా, కింది రెప్పా? వెంట్రుక మొదట్లో లేచిన కురుపా, లోపలి నూనె గ్రంథి పూడుకుని కట్టిన గడ్డా? జబ్బుల జాబితాలో రెంటికీ నంబర్లు వేరండీ."

"ఏదో ఒకటి వేసుకోండి గుమాస్తాగారూ!"

"ఏదో ఒకటి అనే జబ్బు జాబితాలో లేదండీ."

ఒకనాడు ఒళ్లు మండి అడిగేశాను. "డాక్టరు మీరా, నేనా?"

"మీరేనండీ. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

నేను తర్వాతి రోగిని పిలిచాను. ఆయన రిజిస్టరులో ఆ రోగి పేరుకు ఎదురుగా పెన్సిలుతో "చెప్పలేదు" అని రాసుకున్నారు.

కొన్ని నెలలకు బందరు కాలవ వెంట ఉన్న ఊరి నుంచి ఒక ముసలి నేతగాడు వచ్చాడు. ఎడమ పై రెప్పలో గడ్డ, నొప్పి లేదు. కోసి, శుభ్రం చేసి పంపేశాను. సోమవారం గుమాస్తాగారు అతన్ని వెంటబెట్టుకుని నా ఎదుట నిలబడ్డారు. ఆదివారం పడవెక్కి అతని ఊరికి వెళ్లారట!

"ఈయనకిది మూడోసారండీ. మొదటిది ఎడమ పై రెప్పే. రెండోది ఏ రెప్పో ఆ రోజు మీరు చెప్పలేదు. వెళ్లి అడిగొచ్చా. మూడుసార్లూ ఒకే చోట. దీనికేం నంబరు వేయమంటారు?"

కసురుకోబోయి ఆగిపోయాను. ముసలివాళ్లకు అదే చోట మళ్లీ మళ్లీ గడ్డ వస్తే అనుమానించాలని నేను చదువుకున్నదే. ముక్క కోసి పరీక్షకు మద్రాసు పంపాను. రాచపుండని తేలింది. రెప్పతోపాటు కన్నూ తీసేయాల్సి వచ్చింది. మనిషి దక్కాడు.

రెండోసారే నేను నోరు విప్పి ఉంటే కన్ను కూడా దక్కేదేమో. గుమాస్తాగారు ఆ మాట ఒక్కనాడూ అనలేదు. ఆయన మీద నాకు అన్నిటికన్నా కోపం అందుకే. ఒక్కసారి తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. మర్నాడు మళ్లీ చీటీ పట్టుకుని మామూలుగానే గుమ్మంలోకి వచ్చారు. ఆ రోజు నుంచి ఆయన అడిగినదానికల్లా జవాబు చెప్పాను, విసుక్కుంటూనే.

శుక్రవారం పాడె ఎత్తబోతుండగా ఆ నేతగాడు వచ్చాడు. తాను నేసిన కొత్త పంచె తెచ్చి గుమాస్తాగారి మీద కప్పాడు. అది ఒక పక్కకి జారింది. మిగిలిన కంటితో అంచు వెంట చూసుకుంటూ, వంగి, మెల్లగా సరిచేశాడు.